డయాలసిస్ బ్యాగులే ఊరికి బస్సెక్కి రావాలి

మా మేనమామది దేవరకొండ అవతల, తండాలకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. కిడ్నీలు రెండూ పాడయ్యాక వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు తిరిగేవాడు. పొద్దున్నే మొదటి బస్సు, అది తప్పితే షేర్ ఆటో. మిషన్ మీద నాలుగు గంటలు. సూదులు తీశాక రక్తం ఆగేదాకా చెయ్యి అదిమి పట్టుకుని మరికాసేపు. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది. ఆ రాత్రి అన్నం సయించేది కాదు. మర్నాడు మధ్యాహ్నానికి కాస్త లేచి నాలుగడుగులు వేసేవాడు. ఆ తెల్లారి మళ్ళీ ప్రయాణం. తోడు అత్తమ్మ వెళ్ళేది కాబట్టి ఆమె కూలీ పోయేది. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితమే. ఆ ఉచితం కోసం ఏడాదికి 156 సార్లు ఆ ఇంటికి తాళం పడింది.

రెండేళ్ళు అలా తిరిగాడు. ఆ రెండేళ్ళలో 'పెద్దాయనా, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ కూడా ఉంటది, నీకు కుదురుతదేమో చూద్దామా' అని ఆ ఆసుపత్రిలో ఒక్కరూ అనలేదు. నా బాధంతా అక్కడే ఉంది.

ఇంట్లో చేసుకునేది పెరిటోనియల్ డయాలసిస్. మన పేగుల చుట్టూ, పొట్ట లోపలి గోడకు పల్చటి పొర ఉంటుంది. చిన్న ఆపరేషన్‌తో బొడ్డు పక్కన మెత్తటి పైపు అమర్చి, దాని గుండా రెండు లీటర్ల గ్లూకోజ్ ద్రావణం లోపలికి ఎక్కిస్తారు. రక్తంలోని యూరియా, క్రియాటినిన్ లాంటి మలినాలు, ఒంట్లో ఎక్కువైన నీరు ఆ పొర గుండా ద్రావణంలోకి దిగుతాయి. నాలుగైదు గంటలయ్యాక ఆ నీళ్ళు ఖాళీ బ్యాగులోకి వదిలేసి కొత్తవి ఎక్కించుకోవాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారికి అరగంట, నలభై నిమిషాలు. సూది లేదు, కరెంటు అక్కర్లేదు. ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. అమెరికాలో పాపోవిచ్ అనే ఇంజనీరు, మాన్‌క్రీఫ్ అనే డాక్టరు ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది 1976లో. హాంకాంగ్ 1985 నుంచీ దీన్నే మొదటి చికిత్సగా ఇస్తోంది.

నేను దీన్ని మొదటిసారి కళ్ళారా చూసింది కల్వకుర్తి దగ్గర ఒక ఊళ్ళో, బట్టలు కుట్టే ఒకామె ఇంట్లో. మధ్యాహ్నం కుట్టు మిషన్ ఆపి లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు, కిటికీ మూసింది, ఫ్యాను ఆపింది. ముక్కుకు మాస్కు కట్టుకుని, వేళ్ళ సందులు కూడా వదలకుండా సబ్బుతో చేతులు రుద్దుకుంది. కొత్త బ్యాగును గోడకున్న మేకుకు తగిలించింది, ఖాళీ బ్యాగును నేల మీద పళ్ళెంలో పెట్టింది. పొట్టలోంచి నీళ్ళు లేత పసుపు రంగులో దిగాయి. అంతా దిగాక ఆ బ్యాగును దినపత్రిక మీద పెట్టి వంగి చూసింది. బ్యాగు కిందున్న అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే లోపల ఇన్ఫెక్షన్ లేనట్టే. నీళ్ళు మబ్బుగా ఉండి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆ రోజు ఆమె ఒక హెడ్డింగ్ పైకే చదివి, 'మంచిగున్నయి' అని మళ్ళీ వచ్చి జాకెట్ కుట్టడం మొదలుపెట్టింది.

పల్లెటూరి వాళ్ళకు శుభ్రత చేతకాదు, ఇన్ఫెక్షన్లు వస్తాయి అనేవాళ్ళకు నేను ఆమెనే చూపిస్తాను. ఆమె చదివింది ఏడో తరగతి. నేర్పిన నర్సు ఓపికగా నేర్పింది, ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. అయితే ఇన్ఫెక్షన్ భయం ఉత్తదని నేననను. పొట్టలో చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది, పైపు తీసేయాల్సి రావచ్చు. ఒంట్లోని ప్రొటీన్ రోజూ ఆ నీళ్ళతో పోతుంది కాబట్టి గుడ్లు, పప్పు ఎక్కువ తినాలి. ద్రావణంలోని గ్లూకోజ్‌తో షుగర్ పెరగొచ్చు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళకు కుదరకపోవచ్చు. చేతులు వణికేవాళ్ళు, చూపు మందగించినవాళ్ళు ఇంట్లో ఇంకొకరు లేకుండా చేసుకోలేరు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పొర పనితనం కూడా తగ్గొచ్చు. ఇవన్నీ ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటలు. మనవాళ్ళకు అర్థం కాదని ముందే అనుకుని అసలు చెప్పకపోవడమే అన్యాయం.

నల్లగొండ వాళ్ళకు ఇందులో ఇంకో మాట తేలిగ్గా ఎక్కుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకల్ని ఏం చేస్తాయో మర్రిగూడ, మునుగోడు వైపు ఎవర్ని అడిగినా చెబుతారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. మిషన్ డయాలసిస్‌కు ఒక్కసారికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి. ఆర్‌వో ప్లాంటు మొరాయిస్తే ఆ రోజుకు సెంటర్ ఆగిపోతుంది. ఇంట్లో పద్ధతికి ఫ్యాక్టరీలో సీల్ చేసిన బ్యాగులు చాలు, ఊరి నీళ్ళతో పని చేతులు కడుక్కోవడం వరకే.

మరి ఈ పద్ధతి మన ఊళ్ళకు ఎందుకు రావడం లేదు? మిషన్లు పెడితే సెంటర్ కనిపిస్తుంది, రిబ్బన్ కట్ చేయొచ్చు. ఒకామె ఇంట్లో గోడకు తగిలించిన బ్యాగు ఎవరికీ కనిపించదు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన జాతీయ డయాలసిస్ కార్యక్రమంలోకి 2019లో పెరిటోనియల్ డయాలసిస్‌ను కూడా తెచ్చి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం మన తండాల దాకా నడిచి రావాలంటే ముందు బ్యాగుల సరఫరా కుదరాలి. రోజుకు మూడు చొప్పున లెక్కేసినా ఒక మనిషికి నెలకు 90 బ్యాగులు, అంటే 180 లీటర్లు. ఇది మోసుకొచ్చే బరువు కాదు. ఆలస్యమైతే రోగికి టెన్షన్, ఒక రోజు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది. థాయిలాండ్ 2008లో ఈ పద్ధతినే ముందు పెట్టి బ్యాగుల్ని ఇళ్ళకు చేర్చింది. మనకు ఆర్టీసీ కార్గో ఉంది. పంట గోతాలు పట్నం వెళ్ళే బస్సులో తిరుగు ప్రయాణంలో మందుల పెట్టెలు రావడం ఏమంత కష్టం? అక్కడి నుంచి ఇంటిదాకా ఆశ వర్కర్‌కు తగిన డబ్బిచ్చి అప్పగించవచ్చు.

థాయిలాండ్ నుంచి ఇంకొకటి కూడా నేర్చుకోవాలి. అక్కడ ఈ పద్ధతినే ముందు తీసుకోవాలన్న నిబంధన ఉండేది. 2022లో దాన్ని సడలించి రోగి ఇష్టానికి వదిలారు. ఎవరి మీదా దేన్నీ రుద్దొద్దు. మా మామకు రెండు దారులూ చెప్పి ఉంటే, ఆయన మిషనే నయమని ఉండేవాడేమో. నలుగురితో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఆయనకు ఇష్టం, డయాలసిస్ వార్డులో ఆయనకు స్నేహితులు ఉండేవారు కూడా. కానీ అత్తమ్మ వైపు చూస్తే నాకు వేరేగా అనిపిస్తుంది. ఆమె చేతులు నేర్పరి చేతులు. బీడీలు చుట్టి చుట్టి అలవాటైన ఆ వేళ్ళకు పైపు మూత తీసి పెట్టడం రెండు వారాల్లో వచ్చేది.

మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఒక్కో చోట పైపు వేసే సర్జన్, నేర్పడానికి ఇద్దరు నర్సులు, రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు. మొదటి విడతకు ఇంతే అడుగుతున్నాను. దానికంటే ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. మిషన్ డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ రాసే రోజునే, ఆ చీటీ ఇంకా డాక్టర్ టేబుల్ మీద ఉండగానే, భార్యనో కొడుకునో కూడా లోపలికి పిలిచి రెండో దారి గురించి ఒక పావుగంట మాట్లాడాలి.