పెద్దమ్మకు జ్ఞానలోపం

మన డెల్టా నర్సింగ్ కాలేజీల్లోకి ఒక ప్రమాదకరమైన ఆలోచన ప్రవేశించింది. రోగికి ఏమి తక్కువైందో రాసేటప్పుడు, ఏమి మిగిలి ఉందో కూడా రాయాలట. అతని బలాలు, అతనికి తెలిసిన ఉపాయాలు, వెనక నిలబడే మనుషులు, అన్నీ చూసి గాని నర్సింగ్ డయాగ్నోసిస్ చేయకూడదట. బలం ఉన్నవాడు పొలానికి వెళ్తాడు గాని ఆసుపత్రికి ఎందుకు వస్తాడు? ఈ మాత్రం ఇంగితం లేకుండా పాఠాలు చెబుతున్నారు.

నేను ఊరికే అనడం లేదు. కిందటి వరదల కాలంలో మా పెద్దమ్మ మంచం పక్కన స్టూలు మీద పదకొండు రోజులు కూర్చుని వచ్చాను. ఆవిడది గోదావరి మధ్య లంక గ్రామం. ఇరవై ఏళ్ళుగా షుగరు. మడమ మీద పుండు పడితే పంటు దాటించి ఆసుపత్రికి తెచ్చాం. ఊరూ ఆసుపత్రీ పేరు చెప్పను; మళ్ళీ వెళ్ళవలసి రావచ్చు.

రెండో రోజున ఒక నర్సింగ్ విద్యార్థిని కేర్ ప్లాన్ పుస్తకం పట్టుకుని వచ్చింది. తెలియనివారి కోసం చెబుతాను. రోగానికి పేరు డాక్టరు పెడతాడు. ఆ రోగంతో మనిషి పడే అవస్థకు పేరు నర్సు పెడుతుంది; అదే నర్సింగ్ డయాగ్నోసిస్. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నర్సులు సమావేశమై ఈ పేర్లన్నిటినీ ఒక వరసలో పెట్టడం మొదలుపెట్టారు. 1982లో ఆ పనికే నాండా అనే సంఘం ఏర్పడింది. రాసే పద్ధతి కోర్టు తీర్పులా ఉంటుంది: ఫలానా సమస్య, ఫలానా కారణం వల్ల, ఇదిగో సాక్ష్యం.

ఆ అమ్మాయి రాసిన మొదటి తీర్పు ఇది. జ్ఞానలోపం. కారణం, ఆహార నియమాలు తెలియకపోవడం. సాక్ష్యం, దిండు పక్కన పూతరేకుల డబ్బా.

ఎంత ముచ్చటగా అమరిందో చూడండి! ఆ డబ్బా ఆత్రేయపురం నుంచి సిస్టర్ల కోసం తెప్పించిందనీ, పెద్దమ్మ పూతరేకు నోట పెట్టి ఇరవై ఏళ్ళు అయిందనీ చెప్పబోయాను గాని, అడిగితే కదా. సాయంత్రానికి సాక్ష్యాన్ని డ్యూటీ గదిలో తినేశారు. తీర్పు మాత్రం కేసు షీటులో భద్రంగా ఉంది.

రెండో తీర్పు: కష్టాన్ని ఎదుర్కొనే సామర్థ్యం లేదు. సాక్ష్యం, రోగి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తూ "ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు?" అని అడగడం.

ఆ ప్రశ్నకు అర్థం లంకల్లో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర లేదు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక వస్తే పెద్దమ్మ ఇంట్లో బియ్యం బస్తాలు అటక ఎక్కుతాయి. 13.75 దగ్గర రెండోది వస్తే గేదెలు ఏటిగట్టు మీదకు నడుస్తాయి. 17.75 దాటి మూడోది వస్తే ఆవిడ బీరువా తాళం మొలలో దోపుకుని పడవ ఎక్కుతుంది. 1986 వరదను చూసిన మనిషి. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆవిడ ఫోనులో కొడుకు చేత బస్తాలు ఎక్కిస్తోంది. దీన్ని సామర్థ్యం అని రాయడానికి ఆ పుస్తకంలో గడి ఉంటే నాకు చూపించండి.

ఉందంటారు పెద్దలు. నాండా వరసలోనే "మరింత మెరుగుపడే సంసిద్ధత" అనే మాటతో మొదలయ్యే డయాగ్నోసిస్‌లు ఉన్నాయట. ఈ గొడవకు మూలపురుషుల్లో ఒకడైన ఇజ్రాయెల్ సామాజిక శాస్త్రవేత్త ఆరన్ ఆంటొనోవ్‌స్కీ, మనుషులకు జబ్బు ఎందుకు వస్తోందని అడిగింది చాలు, ఇన్ని కష్టాల్లోనూ ఆరోగ్యంగా ఎలా ఉండగలుగుతున్నారో అడగండి అని 1979లోనే పుస్తకం రాశాడు. ఇటువంటి ప్రశ్నలు వేస్తే జవాబులు కూడా వినవలసి వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు. మా వార్డులో రాత్రి ఒక్క సిస్టరు, ముప్పై రెండు మంచాలు. ఆవిడ ఎవరి బలాన్ని వినాలి? "తీపి తినకూడదు, కాలు తడపకూడదు" అని చెప్పడానికి అర నిమిషం చాలు. ఆగస్టు నెలలో లంక మనిషితో కాలు తడపవద్దనడం ఎటువంటి సలహా అని మీరు అడగకండి. మీకూ జ్ఞానలోపం రాస్తారు.

మన ఆసుపత్రులు రోగుల బలాలను వాడుకోవడం లేదన్నది మాత్రం పచ్చి అభాండం. పొద్దున రౌండ్ల వేళ "పేషెంటు తాలూకు వాళ్ళంతా బయటకు" అని కేక వినబడుతుంది. గంట తిరగకుండా "పేషెంటు తాలూకు వాళ్ళు ఏరమ్మా?" అని మరో కేక. ఎందుకంటే స్ట్రెచర్ తోయాలి, సెలైన్ సీసా ఎత్తి పట్టుకోవాలి, స్కానింగ్ చీటీ పట్టుకుని రెండు అంతస్తులు దిగాలి. రక్తం కావలసి వస్తే బావమరుదులు వరసలో నిలబడాలి. సీసా పట్టుకుని పట్టుకుని నా కుడి చెయ్యి ఇప్పటికీ అంత ఎత్తులోనే ఉండిపోతోంది. ఈ బలమంతా లేకపోతే ఏ వార్డూ పూట గడవదు. రాయడం ఒక్కటే లేదు.

పక్క మంచం సంగతి కూడా మనవి చేయాలి. మార్జరీ గోర్డన్ అనే నర్సింగ్ ఆచార్యురాలు రోగిని తెలుసుకోవడానికి 11 అంశాలు పెట్టింది. తిండి, విసర్జన, నిద్ర, బంధుత్వాలు, విశ్వాసాలు వగైరా. విద్యార్థిని పుస్తకంలో ఆ గళ్ళు సగం ఖాళీ. పక్క మంచం మీద మొగుణ్ణి పెట్టుకుని కూర్చున్న రాజోలు వైపు ఆవిడ మాత్రం మేం సంచులు దింపక ముందే మొదలుపెట్టింది. ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెందరు, రాత్రి నిద్ర పట్టిందా, విరేచనం అయిందా, అంతర్వేది మొక్కు తీరిందా? పది నిమిషాల్లో పదకొండూ పూర్తి. పాలకొల్లులో పెద్దమ్మ కూతురికి మేడ ఇల్లు ఉందనీ, నీళ్ళు తీసేదాకా పుండుతో అక్కడ పొడిగా ఉండవచ్చనీ తేల్చింది కూడా ఆవిడే. జీతం లేదు, టోపీ లేదు.

తొమ్మిదో రోజున ఆ విద్యార్థిని మళ్ళీ వచ్చింది. ఈసారి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. నాకు అప్పుడే అనుమానం వేసింది.

"మామ్మగారూ, వరదకు కరెంటు పోతే ఇన్సులిన్ ఎలా దాస్తారు?"

"కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించుతానమ్మా. సీసా ముంతలో ఉంటుంది. పైన తడిగుడ్డ కప్పి నీడన పెడతాను. ఇసుక ఆరనివ్వకూడదు."

నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గాని మందు వేడికి పాడుకాదు. ఆ పిల్ల పుస్తకం తెరిచి, జ్ఞానలోపం కొట్టేసి, కొత్తగా రాసింది: ఆరోగ్యాన్ని మరింత మెరుగ్గా చూసుకునే సంసిద్ధత. సాక్ష్యం, కుండ.

మర్నాడు వాళ్ళ మేడమ్ పుస్తకం చూసి కుండ చుట్టూ ఎర్ర సున్న చుట్టింది. క్రమశిక్షణ ఇంకా బతికే ఉందని నా మనసు కుదుటపడింది.

డిశ్చార్జి రోజున ఇచ్చిన కాగితం పెద్దమ్మకు చదివి వినిపించాను. తీపి తినకూడదు. కాలు తడపకూడదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. లంకలో కరెంటు పోయి అప్పటికి మూడు రోజులు. ఆవిడ అంతా శ్రద్ధగా విని, కాగితం మడిచి తాళం పక్కనే మొలలో దోపుకుంది.

"ఒరే, ఆ పిల్లకు పూతరేకులు అందాయంటావా?" అంది.