అక్వేరియం కోసం సముద్రపు చేపను పట్టుకోవచ్చా? చట్టం సగమే చెబుతోంది

విజయవాడ, గుంటూరుల్లో గోల్డ్‌ఫిష్‌తో మొదలుపెట్టిన అక్వేరియం ప్రియులు కొన్నాళ్లకు ఉప్పునీటి మీద మనసు పడతారు. సముద్రం ఎంతో దూరం లేదు. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంకకు, విజయవాడ నుంచి మంగినపూడికి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చు. అక్కడి నుంచి రెండు చేపలు బతికుండగా తెచ్చుకుని పెంచుకుంటే తప్పా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవాళ్లు దొరకరు. కొందరు ‘ఏం కాదు, తెచ్చుకోండి’ అంటారు. ఇంకొందరు ముట్టుకుంటేనే కేసు అని భయపెడతారు. రెండు మాటలూ తప్పే.

తప్పు ఎక్కడుందో చట్టం బాగానే చెప్పింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సముద్ర గుర్రాలు, రాతి పగడాలు, సముద్ర దోసకాయలు 2001 నుంచి రక్షిత ప్రాణుల జాబితాలో ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త షెడ్యూళ్లు, అంటే రక్షిత ప్రాణుల కొత్త జాబితాలు, అమల్లోకి తెచ్చారు. మొదటి షెడ్యూల్‌లోని ప్రాణిని పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. పగడం చచ్చిపోయి రాయిలా మిగిలినా రక్షణ పోదు. కాబట్టి ఉప్పునీటి అక్వేరియంలో పెట్టే ‘లైవ్ రాక్’ పేరుతో ఎవరైనా బిల్లు లేకుండా పగడపు రాయి అమ్మజూపితే, అది ఎక్కడి నుంచి వచ్చిందని గట్టిగా అడగాలి. మన కృష్ణా తీరం బురదనీళ్లలో పగడపు దిబ్బలు లేవు. అవి మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో ఉన్నాయి. ఎవరో అక్కడ తవ్వితేనే ఇక్కడికి వస్తుంది.

హంసలదీవి వైపు మడ అడవుల సంగతి వేరు. కృష్ణా అభయారణ్యం హద్దులోపల ఏ ప్రాణినీ పట్టకూడదు, చిన్న పీత అయినా సరే. ఆ హద్దు ఎక్కడ మొదలవుతుందో కొత్తగా వెళ్లినవాడికి తెలియదు.

మరి ఈ జాబితాలో లేనివి, అభయారణ్యం బయట దొరికేవి? ఇక్కడే చట్టం మాట్లాడటం మానేస్తుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టాన్ని పడవలనూ వలలనూ దృష్టిలో పెట్టుకుని రాశారు. చేతి వలతో రెండు చేపలు పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు ఆ రాసినవాళ్ల ఊహలో లేడు.

తెల్లవారుజామున సూర్యలంకలో అలివి వల ఒడ్డుకు లాగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. వల సంచి విప్పగానే అమ్ముడుపోయేవి బుట్టల్లోకి వెళతాయి. ఇసుక మీద మిగిలేవి చూడాలి: అరచేతిలో పట్టేంత వెండిరంగు చేపపిల్లలు, ఒళ్లంతా నల్లచుక్కలున్న బల్లపరుపు చేప, బుంగలా ఉబ్బిన పఫర్ చేప, శంఖంలో దూరిన పీతలు. ఎవరికీ అక్కర్లేదు. కాసేపు కొట్టుకుని కాకుల పాలవుతాయి. నాకు ఈ దృశ్యం చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. అక్వేరియం కోసం సముద్రంలోకి కొత్తగా వల వేయనక్కర్లేదు. ఎలాగూ చావబోయే వాటిలో రెండింటిని బకెట్‌లోకి తీస్తే చాలు. మత్స్యకారుడికి నాలుగు రూపాయలు అదనంగా వస్తాయి కూడా.

పైగా మన ఇళ్లకు సరిపడేవి ఇవే. నదీముఖాల దగ్గర పెరిగే చుక్కల చేప, అంటే అక్వేరియం వాళ్లు స్కాట్ అనేది, వరదల్లో ఉప్పు తగ్గినా వేసవిలో పెరిగినా తట్టుకుంటుంది. పగడపు దిబ్బల చేపకు ఆ ఓర్పు లేదు. బెజవాడ ఎండల్లో ఒక్క పూట కరెంటు పోయి, నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగితే దాని పని అయిపోయినట్టే. స్కాట్‌తోనూ జాగ్రత్త అవసరమే. అది అడుగు దాకా పెరుగుతుంది, వీపు ముళ్లు గుచ్చుకుంటే విపరీతమైన నొప్పి. చిన్న తొట్టెలో దాన్ని పెట్టడం హింస. ఎవరికైనా పగడపు దిబ్బల్లో ఉండే క్లౌన్‌ఫిషే కావాలంటే హేచరీలో పుట్టినదే కొనాలి. దానితో తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ విషయం తేల్చేశారు. సముద్ర వేట లైసెన్సు తీసుకున్న మామూలు మనిషి అక్వేరియం కోసం రోజుకు 20 ప్రాణుల దాకా పట్టుకోవచ్చు. అందులో ఒకే జాతివి 5 మించకూడదు. ప్రాణంతో ఒడ్డుకు చేర్చాలి. ఏవి అసలు ముట్టకూడదో విడిగా చెప్పారు. అక్కడి తీరం, అక్కడి చేపలు వేరు కాబట్టి ఆ అంకెలు మనకు పనికిరావు. మనకు రోజుకు ఐదు కూడా ఎక్కువేనని నేననుకుంటాను. కానీ ‘ఇవి, ఇన్ని, ఇలా’ అని రాసిపెట్టిన పద్ధతి మనకూ కావాలి. దారి చూపకుండా భయం మాత్రమే పెడితే నిజాయతీపరుడు ఆగిపోతాడు, దొంగచాటు బేరగాడు ఆగడు.

మత్స్యశాఖ, అటవీశాఖ కూర్చుని చేయాల్సింది కొండంత పనేమీ కాదు. సూర్యలంక, నిజాంపట్నం, మంగినపూడి ఒడ్డున బొమ్మలతో తెలుగు బోర్డులు పెట్టాలి. ముట్టకూడనివేవో, అభయారణ్యం హద్దు ఎక్కడో వాటి మీద ఉండాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం ఉంది, ఆ 61 రోజులూ అక్వేరియం కోసం పట్టడమూ ఆపాలి. నామమాత్రపు రుసుముతో పర్మిట్ ఇవ్వాలి. దానికి ఒక షరతు తప్పనిసరి: ఇంట్లో పెంచిన చేపను, విసుగొచ్చినా, పెద్దదైపోయినా, మళ్లీ సముద్రంలోనో కృష్ణా కాలవలోనో వదలకూడదు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి కనిపించిన లయన్‌ఫిష్ అక్వేరియాల నుంచే వెళ్లిందని అక్కడి శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇప్పుడది కరేబియన్ అంతా పాకి స్థానిక చేపపిల్లల్ని తినేస్తోంది. పెంచలేకపోతే ఇంకో పెంపకందారుడికి ఇవ్వాలి. ఎవరు తీసుకుంటారో చేపను బకెట్‌లో వేసుకోకముందే తేల్చుకోవాలి.