మాట వినని ఫోనుకు మద్దతుగా

ఆఫీసుల్లోని ఇంటర్నెట్ ఫోన్లను ఇంకా తేలిక చేయాలని, వైరు గుచ్చగానే పనిచేసేలా ఉండాలని కొందరు కోరుతున్నారు. దీన్ని తీవ్రంగా ఖండించాలి. పాత ల్యాండ్‌లైన్ తగిలించిన క్షణం నుంచే మోగేది. దాంతో మనుషులు మాట్లాడుకోక తప్పేది కాదు. ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా ఆ దుస్థితికి తిరిగి పోదామా?

నెట్‌వర్క్ సెట్టింగ్స్‌తో మొదలుపెడదాం. డీహెచ్‌సీపీ (అడ్రసులు వాటంతటవే పంచే ఏర్పాటు) ఉంటే ఫోను ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో తన చిరునామా, తానే తెచ్చుకుంటుంది. అందులో మన ప్రతిభ ఏముంది? స్టాటిక్ పెట్టాలి, అంటే అడ్రస్ మనమే చేత్తో కొట్టాలి. అడ్రస్ మధ్యలో చుక్క కావాలంటే చాలా ఫోన్లలో స్టార్ నొక్కాలి. ఆ సంగతి స్క్రీన్ మీద ఎక్కడా రాయకపోవడం ఉద్దేశపూర్వకమేనని నా నమ్మకం. సర్వర్ పేరులో ఎస్ అక్షరం వస్తే 7 మీద నాలుగుసార్లు కొట్టాలి, వెంటవెంటనే. వేలు కాస్త ఆగిందా, పీ పడి కర్సర్ పక్కకు జరిగిపోతుంది. చెరిపి, సరిచేసి, సేవ్ ఎక్కడుందో వెతికేలోపు టైమవుట్ అయి మళ్లీ మొదటి మెనూ. యోగాసనాలు నేర్పే ఓర్పు దీనిముందు ఏపాటి?

ఇంత చేశాక కరెంటు పోయి, ఫోన్ల నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె రీస్టార్ట్ అవుతుంది. ఫోనుకు కరెంటూ ఆ వైరులోంచే కాబట్టి అదీ ఆరి వెలుగుతుంది. లేవగానే ఫోన్లకు సెట్టింగ్స్ పంచే ప్రొవిజనింగ్ సర్వర్ దగ్గరికి పరిగెత్తి పాత కాన్ఫిగరేషన్ తెచ్చుకుంటుంది. మీరు చేత్తో కొట్టినవన్నీ హరీ. పెద్దల మాట జవదాటని ఫోను అది.

ఇక రౌటర్. కాల్ కలిపే పని సిప్ అనే ప్రోటోకాల్‌ది, సాధారణంగా 5060 పోర్టులో (పోర్టు అంటే డేటా వచ్చిపోయే నంబరు ద్వారం). గొంతు మాత్రం ఆర్‌టీపీ అనే మరో ప్రోటోకాల్ మీద, వేరే పోర్టుల్లో వస్తుంది. మధ్యలో రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే పరోపకారి, ఎవరూ అడగకుండానే ప్యాకెట్లు (డేటా మూటలు) విప్పి లోపలి అడ్రసులు దిద్దుతుంది. ఫలితంగా కాల్ కలుస్తుంది, అవతలివాళ్లకు మనం వినిపిస్తాం, మనకు వాళ్లు వినిపించరు. దీన్ని లోపమంటున్నారు. పై అధికారులతో మాట్లాడేటప్పుడు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది? ఏఎల్‌జీ ఆపేస్తే చాలాసార్లు సరిపోతుందట. ఈ మాట మాత్రం బయటకు పొక్కనివ్వకండి.

గొంతును డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో కావలసింది సెకనుకు 64 కిలోబిట్లు, ప్రతి ప్యాకెట్‌కూ తగిలించే చిరునామా చీటీలు (హెడర్లు) కలిపినా వంద లోపే. వంద ఎంబీపీఎస్ లైన్‌లో అది పట్టక గొంతు ముక్కలవుతోందంటే, తప్పు మాట్లాడేవాళ్లదేనని తేల్చేయడం ఉత్తమం. మాటల ప్యాకెట్లను ముందు పంపమని చెప్పే డీఎస్‌సీపీ 46 అనే వీఐపీ ముద్ర వేయవచ్చు. ఆఫీసు గేటు దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్లాక ఆ ముద్రను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. మాజీలకు ఇలాంటివి అలవాటే.

వాయిస్‌మెయిల్ ఈ మొత్తానికి మకుటం. ఎర్ర లైటు వెలుగుతుంది. పిన్ కొట్టి చివర హాష్ నొక్కితే "మీకు ఒక కొత్త సందేశం ఉంది" అంటుంది. తెల్లవారుజామున వచ్చిందట, సర్వర్ టైమ్‌జోన్ ఎవరూ మార్చలేదు. తీరా వింటే, "హలో... హలో... ఏం వినబడట్లేదండీ," టక్. ఈమెయిల్‌కు కూడా పంపే సౌకర్యం ఉంది. అది ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవారి పేరు మీదే ఉండటం ఆనవాయితీ. వెళ్లినవాళ్లను మర్చిపోలేని సంస్థలు మనవి.

వ్యవస్థ వృథాగా పడి ఉందనుకోకండి. 1234 లాంటి పిన్‌లు, ఎక్స్‌టెన్షన్ నంబరునే పిన్‌గా పెట్టిన మెయిల్‌బాక్సులు మోసగాళ్లకు బాగా తెలుసు. సెలవు రోజుల్లో వాళ్లు లోపలికి దూరి, బయటికి డయల్ చేసే సౌకర్యం ఎవరైనా తెరిచి ఉంచితే, ఎక్కడెక్కడి దేశాలకో కాల్స్ కలుపుకుంటారు. మాన్యువల్ పూర్తిగా చదివినవాళ్లు వాళ్లొక్కరే మరి. ఫలితం అనుభవిస్తే అసూయ దేనికి? బిల్లు చూసి అకౌంట్స్ వాళ్లు కంగారుగా ఐటీ విభాగానికి ఫోన్ చేస్తారు. మెయిల్‌బాక్స్ నిండిపోయిందని ఒక రికార్డెడ్ గొంతు చెబుతుంది. ఆ ఒక్క మాటే ఎక్కడా తెగకుండా, గణగణమని వినిపిస్తుంది.