వెన్నుపూసలు లెక్కపెట్టి వీణ చేయలేదు

దసరా దగ్గర పడితే చాలు, ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఈసారి మా పిన్ని పంపింది. "నువ్వు వీణ నేర్చుకుంటున్నావుగా, ఇది చదువు, ఒళ్లు పులకరిస్తుంది" అని కింద ఒక ముక్క కూడా జోడించింది. పిన్నికి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. సాయంత్రానికి అదే మెసేజ్ ఇంకో మూడు గ్రూపుల్లో కనబడేసరికి ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

అందులో ఉన్నది ఇదీ. వీణ వేదకాలం నుంచీ ఇదే రూపంలో ఉంది, సరస్వతీదేవి చేతిలోదే ఇవాళ మనం వాయిస్తున్నది. దాని 24 మెట్లు, అంటే తీగను నొక్కిపట్టే అడ్డపట్టీలు, మన వెన్నెముకలోని 24 పూసలు. నాలుగు తీగలు నాలుగు వేదాలు, పక్కనున్న మూడూ ఇడ, పింగళ, సుషుమ్న అనే నాడులు. పాశ్చాత్యుల లూట్ అనే తంత్రీవాద్యం దీన్ని చూసి చేసుకున్న నకలు. సి.వి. రామన్ అంతటివాడు వీణ లోపం లేని వాద్యమని నిరూపించాడు. చివర, మామూలే, పదిమందికి పంపండి.

"వేదకాలం నుంచీ ఇదే రూపం."

వీణ అనే మాట వేదవాఙ్మయంలో ఉంది, అందులో పేచీ లేదు. అశ్వమేధంలో వీణ వాయిస్తూ రాజును కీర్తించేవాళ్ల ప్రస్తావన వస్తుంది. మహావ్రతం అనే క్రతువులో వాణం అనే వాద్యం ఉంది, దానికి నూరు తీగలు. మా ఇంట్లో ఉన్న వీణకు ఏడు. మాట ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటైపోదు. మా తాతయ్య "బండి కట్టు" అంటే ఎడ్లు లేచేవి. నేను "బండి తీస్తున్నా" అంటే అందులో పెట్రోలు ఉండాలి. రెండు వేల ఏళ్ల తర్వాత ఎవరో ఈ రెండు వాక్యాలూ చదివి, బండి ఏనాడూ మారలేదని రాస్తే ఎలా ఉంటుందో ఈ మెసేజ్ అలా ఉంది.

పాత వీణ ఎలా ఉండేదో చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు, అమరావతి స్తూపం పలకలు చూస్తే సరి. విల్లులా వంగిన కర్ర, దాని కింద పడవలాంటి తొట్టి, ఆ రెండింటి మధ్యా వరసగా బిగించిన తీగలు. ఒక్కో తీగది ఒక్కో స్వరం. మెట్లు లేవు, అసలు మెట్లు పెట్టడానికి దండే లేదు. హార్ప్ అంటే మనకు తెలిసినది ఇదే. తమిళులు దీన్ని యాళ్ అన్నారు. సముద్రగుప్తుడు తన బంగారు నాణేల మీద ఒళ్లో పెట్టుకుని వాయించేదీ ఇదే. మన దగ్గర పోయింది గానీ, బర్మాలో సౌంగ్ అనే పేరుతో ఇంకా బతికే ఉంది.

నాట్యశాస్త్రం చెప్పే వీణలు కూడా మన వీణలా ఉండవు. చిత్రకు ఏడు తీగలు, వేళ్లతో వాయించాలి. విపంచికి తొమ్మిది, కోణంతో, అంటే మీటడానికి పట్టుకునే పుల్లలాంటి దానితో వాయించాలి. ఆ తర్వాత ఏకతంత్రి, కిన్నరి వంటివి వచ్చాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లు వరసపెట్టి ఏకరువు పెడతాడు. మారనిది ఒక్కటే వీణ అయితే ఆయనకు అన్ని పేర్లతో పనేమిటి?

సరస్వతి చేతిలోదే అన్న మాటకూ ఇక్కడే జవాబు చెప్పేస్తాను. మథుర దగ్గర కంకాళీ టీలాలో దొరికిన కుషాణుల నాటి జైన సరస్వతి, మనకు తెలిసిన సరస్వతి విగ్రహాల్లో అతి పాతవాటిలో ఒకటి. ఆమె చేతిలో ఉన్నది పుస్తకం. వీణ లేదు. మన కళ్లలో ముద్రపడిన సరస్వతి 1896లో రవివర్మ వేసిన బొమ్మ, దాని వెనకే వచ్చిన క్యాలెండర్లు. ఆయన కాలంలో కచేరీల్లో వాయించే వీణే ఆయన అమ్మవారి ఒళ్లో పెట్టాడు. తప్పేమీ లేదు. కానీ ఆ బొమ్మను వేదకాలానికి సాక్ష్యంగా తేకూడదు.

"24 మెట్లు, 24 వెన్నుపూసలు."

మెసేజ్‌కు ఇంత గిరాకీ రావడానికి కారణం ఈ ముక్కేనని నా అనుమానం. ముందు పూసల లెక్క. బడిలో 33 అని చదువుకున్నాం. మెడలో 7, వీపులో 12, నడుములో 5, కలిపితే 24. ఆ కింద త్రికంలో అతుక్కుపోయినవి 5, అనుత్రికంలో సాధారణంగా 4. అంటే నడుము దగ్గర ఆగి లెక్క ముగిస్తేనే 24 వస్తుంది. సరే, ఆగుదాం. కేశవనామాలూ 24, తీర్థంకరులూ 24, రోజుకు గంటలూ 24. వీణ వీటిలో దేనిని చూసి పుట్టింది? వీణలాంటిదే అయిన గోటువాద్యానికి మెట్లే ఉండవు, మరి దానికి వెన్నెముక లేనట్టా?

24 ఎందుకో వీణ ముందు కూర్చున్న ఎవరికైనా అరగంటలో తెలిసిపోతుంది. స నుంచి పై స దాకా ఒక స్థాయి, స్థాయికి 12 స్వరస్థానాలు. ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు పలకాలి. పన్నెండు రెళ్లు ఇరవైనాలుగు. 12వ మెట్టు దగ్గర తీగ ఇంచుమించు సగానికి వస్తుంది, ఖాళీ తీగ పలికిన స్వరమే పైస్థాయిలో పలుకుతుంది. 24వ మెట్టు దగ్గర పావు వంతే మిగులుతుంది. పైకి పోయేకొద్దీ మెట్లు ఎందుకు దగ్గరవుతాయో కూడా ఇందులోనే ఉంది. పూసలు అలా ఇరుకవ్వవు. పైగా మెడ పూసల కంటే నడుము పూసలే పెద్దవి.

శరీరానికీ వీణకూ పోలిక మాత్రం నిజంగా పాతదే. మెసేజ్ రాసినవారు అసలు మూలం చూసుంటే బాగుండేది. ఐతరేయ ఆరణ్యకం మన శరీరాన్ని దైవవీణ అంటుంది, మనుషులు చేసిన వీణ దానికి అనుకరణ అంటుంది. అక్కడ తలకు తల, కడుపుకు బోలు, నాలుకకు మీటే పుల్ల, వేళ్లకు తీగలు. ఎంత చక్కటి పోలిక! వెన్నుపూసల ఊసు లేదు, మెట్ల ఊసు లేదు. పైగా పూర్వం వీణను వెంట్రుకలున్న తోలుతో కప్పేవారని కూడా అక్కడే ఉంది. అంటే ఆ ఆరణ్యకం నాటికే వీణ ఒకసారి మారింది, ఆ మార్పును వాళ్లు గుర్తుపెట్టుకున్నారు కూడా.

ఇక స్థిరమైన మెట్ల సంగతి. నాకు మెసేజ్ మీద అసలు కోపం ఇక్కడే. 1550లో విజయనగరంలో రామామాత్యుడు అళియ రామరాయల కోరిక మీద స్వరమేళకళానిధి అనే సంగీతశాస్త్ర గ్రంథం రాశాడు. అందులో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాయల పేరు మీద అచ్యుతరాజేంద్రమేళ వీణ అని మూడు చెబుతాడు. వాటిలో మళ్లీ రెండు పద్ధతులు. సర్వరాగమేళ వీణలో మెట్లు ఒకసారి పెడితే అన్ని రాగాలకూ సరిపోవాలి. ఏకరాగమేళ వీణలో రాగం మారితే మెట్లు జరపాలి. అంటే విజయనగరంలో రెండు పద్ధతులూ పక్కపక్కన నడుస్తున్నాయి, ఏది మేలో తేలలేదు. తర్వాతి శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి చతుర్దండి ప్రకాశిక రాసినప్పుడు అచ్యుతరాజేంద్ర స్థానంలో రఘునాథేంద్రమేళ వీణ వచ్చి కూర్చుంది. ఆ రఘునాథుడు తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడే, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. వేంకటమఖి తండ్రి గోవింద దీక్షితులు ఆయన మంత్రి. ఇవాళ్టి 24 మెట్ల రూపానికి రఘునాథుడి పేరు చెప్పడం వైణికులలో ఆనవాయితీ. ఒక్క మనిషి ఒక్క రోజున చేసింది కాకపోవచ్చు, కానీ మార్పు ఏ కొలువుల్లో జరిగిందో గ్రంథాలే చెబుతున్నాయి. ఆ కొలువులన్నింటా తెలుగు వినబడేది. "ఆదినుంచీ ఇంతే" అనేసి, చేసినవాళ్ల పేర్లు చెరిపేయడం గౌరవం ఎలా అవుతుంది?

స్థిరం అన్న మాట కూడా కొంచెం దగ్గరగా చూస్తే కరిగిపోతుంది. మా గురువుగారింట్లో ఒక వీణకు మేళం కడుతుంటే, అంటే మెట్లు అమరుస్తుంటే, చూశాను. దండి మీద రెండు గట్లుగా నల్లటి మైనం. మైనంలో బొగ్గుపొడి కలిపి వెచ్చచేస్తే ఆ రంగు. కట్టే ఆయన ఒక్కో మెట్టునూ ఆ గట్ల మీద ఆనించి, మీటి, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి, అప్పుడు బొటనవేలితో నొక్కేవాడు. గురువుగారు పక్క గదిలోంచి "గాంధారం ఇంకొంచెం కిందికి" అనేవారు. ఆయన జరిపేవాడు. ఇంకో వైణికుడైతే ఇంకోలా అనేవాడేమో. ఎండాకాలంలో మైనం మెత్తబడి మెట్టు ఒరిగిందంటే మళ్లీ మొదలు. ఏ పూసా ఇలా జరగదు, జరిగితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

"నాలుగు వేదాలు, మూడు నాడులు." దీని మీద ఎక్కువ కాలం గడపను. నాలుగు తీగలకు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని పేర్లున్నాయి, ఏది ఎక్కడ శ్రుతి చేయాలో ఆ పేర్లే సగం చెబుతాయి. పక్క తీగలు మూడూ షడ్జం, పంచమం, పై షడ్జం. శ్రుతికీ తాళానికీ చిటికెనవేలితో మీటుతాం. ఎవరైనా ధ్యానంలో వాటిని వేదాలనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. చేసినవాళ్లు అలా అనుకునే చేశారంటేనే పేచీ.

"లూట్ మన వీణకు నకలు."

లూట్ అన్న మాట అరబ్బీ అల్-ఊద్ నుంచి వచ్చింది. ఊద్ అంటే కర్ర. మధ్యయుగంలో స్పెయిన్, సిసిలీల మీదుగా అరబ్బుల ఊద్ ఐరోపా చేరింది, అక్కడివాళ్లు మెడ మీద పేగు తంతులు చుట్టి మెట్లు చేసుకున్నారు. ఆ మెట్లు జరిగేవి కూడా, మన ఏకరాగమేళ వీణలాగే. పొడుగు మెడ వాద్యం వాయిస్తున్న మనిషి బొమ్మ మెసొపొటేమియాలో అక్కాద్ కాలపు ముద్రల మీదే ఉంది, అది క్రీస్తుకు ముందు రెండు వేల ఏళ్లకు పైన. మన వైపు బేరిపండు ఆకారంలో పొట్టి మెడ వాద్యాలు అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో కనబడతాయి, తర్వాత మన దగ్గర మాయమయ్యాయి. వాద్యాలు వర్తకుల వెంట అటూ ఇటూ తిరిగాయి. ఎవరిది ఎవరు కాపీ కొట్టారన్న పంచాయితీకి ఇక్కడ చోటు లేదు.

లూట్ వాళ్లను చూసి నాకు అసూయ పుట్టే సంగతి వేరే ఉంది. 1507లో వెనిస్‌లో పెత్రూచీ అచ్చు వేసిన స్పినాచీనో పుస్తకం లూట్‌కు తొలి ముద్రిత సంగీతం. ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో గీతల మీద అంకెలు వేసి చూపారు. ఇవాళ లూట్ నేర్చేవాడు అది తెరిచి అయిదు వందల ఏళ్ల నాటి వేలు ఎక్కడ పడిందో చూడగలడు. మన వీణకు ఆ దగ్గరితనం చాలా ఆలస్యంగా, 1904లో ఎట్టయపురంలో, సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినితో వచ్చింది. తమిళదేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం ఉన్నది తెలుగులో. గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించే పద్ధతులకు, గుర్తులు పెట్టి, ఒక్కోటీ వీణ మీద ఎలా పలికించాలో విడమరిచాడు. ఒదుక్కల్ అంటే మెట్టు మీదే తీగను పక్కకు లాగి పై స్వరం తెప్పించడం. జారు అంటే మెట్ల మీదుగా జరగడం. ఒక్క మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించే వాద్యానికి 24 అన్న అంకె పట్టుకుని ఊగడం ఎంత అర్థంలేనిదో ఆ పేజీలు చదివితే తెలుస్తుంది.

"రామన్ నిరూపించాడు."

రామన్ వీణ మీద పనిచేసిన మాట నిజం. 1921లో కొన్ని భారతీయ తంత్రీవాద్యాల గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేర్లతో ఒక నియమం ఉంది. తీగ కంపించేటప్పుడు అసలు స్వరంతోపాటు చిన్న చిన్న అనుస్వరాలు కూడా పుడతాయి. ఒక్కో అనుస్వరానికి తీగ మీద కదలని చోట్లు ఉంటాయి. సరిగ్గా ఆ చోటే మీటితే ఆ అనుస్వరం వినబడకూడదు. తంబూరాలో, వీణలో అది వినబడుతోందని, అదీ గట్టిగా వినబడుతోందని రామన్ చూపాడు. కారణం బ్రిడ్జి. వయొలిన్‌లోలా తీగ సన్నటి అంచు మీద ఆనదు. వీణ బ్రిడ్జి పైన వంపు తిరిగిన వెడల్పాటి లోహపు రేకు ఉంటుంది, తీగ కదిలినప్పుడల్లా ఆ వంపును తాకుతూ వదులుతూ ఉంటుంది. ఆ గుంయ్‌మనే నిండుతనం అక్కడిది. తంబూరాలో తీగ కింద పెట్టే జీవాళి దారం చేసే పనీ ఇలాంటిదే.

ఇందులో "లోపం లేని" అన్న మాట ఎక్కడుంది? నియమం ప్రకారం రాకూడని స్వరాలు వస్తున్నాయన్నదే ఆయన కనిపెట్టిన వింత. ఆ వంపు తెచ్చినది ఏ ఋషి అని ఆయన అనలేదు. చెవి పెట్టి, ఆకురాయితో రేకును కాస్త కాస్త అరగదీస్తూ ఆ నాదం రప్పించేవాళ్లు ఇవాళా ఉన్నారు, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానును తొలిచి వీణ చేసే ఇళ్లలోనూ, తంజావూరులోనూ.

రాత్రి పిన్ని ఫోన్ చేసింది. ఇదంతా చెప్పాను, సగం విన్నాక అడ్డుపడింది. "అయితే ఆ మెసేజ్ తీసెయ్యనా?"

"తీసెయ్ పిన్నీ. వచ్చే నెల నా వీణకు మేళం కట్టిస్తున్నాను, ఏడో మెట్టు ఒరిగింది. ఓసారి రా, చూద్దువు గాని."

"మైనం వాసన నాకు పడదురా" అంది. అయినా వస్తానంది.