మా వసారా గచ్చుకి ఒక జారుడు ఉత్తరం

మహారాజశ్రీ మా ఇంటి ముందు వసారా గచ్చు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నా కానీ ఉభయుల్లో ఒక పక్షం, అంటే మేము, కుశలంగా లేము కాబట్టి ఆ మాట కొట్టేసి నేరుగా విషయానికొస్తున్నా.

అసలు తప్పు నీది కాదులే, నిన్ను పుట్టించినోళ్ళది. ఎనిమిదేళ్ళ కిందట మేస్త్రి కాంక్రీటు పోసి, అది ఇంకా ఆరకముందే పైన పొడి సిమెంటు జల్లి, కాసిని నీళ్ళు చిలకరించి, పలక మీద గొంతుక్కూర్చుని సాయంత్రం దాకా తాపీతో రుద్దుతూనే ఉన్నాడు, మా నాన్నగారేమో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం నున్నగా, ఇంకొంచెం" అని. చివరికి మేస్త్రి లేచి "అద్దంలా వచ్చింది బాబుగారూ, మొహం చూసుకోవచ్చు" అంటే నాన్న మురిసిపోయి కూలి మీద ఇంకో ఐదొందలు ఇచ్చారు. అంటే మేం పడ్డం కోసం మేమే ఎగస్ట్రా డబ్బులిచ్చాం అన్నమాట.

మొహం చూసుకున్నది మాత్రం మొదటి వాన పడ్డాకే, అదీ చాలా దగ్గర్నుంచి.

మా మావయ్య సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చారు, చెప్పులు మెట్ల కింద విడిచారు, తడికాలు నీ మీద పెట్టారు. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ జారుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది, ఆయన మాత్రం పైమెట్టు దగ్గరే ఉండిపోయారు. అమ్మ పరిగెత్తుకొచ్చి "అయ్యో, దెబ్బ తగిలిందా అన్నయ్యా" అంటే "లేదమ్మా, ఊరికే కూర్చున్నా" అన్నారు. నడుముకి బెల్టు పెట్టుకునే కన్యాదానం చేశారు పాపం. ఆ తర్వాత నానమ్మ పడి మణికట్టు విరిగినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నీ మీద నాకో అనుమానం ఉండేది, ఎండాకాలం అంత బుద్ధిగా ఉండేదానివి వానొస్తే ఎందుకిలా తయారవుతావని. తర్వాత అర్థమైంది, పొడిగా ఉన్నప్పుడు పాదం నిన్ను నేరుగా పట్టుకుంటుంది, తడిస్తే మధ్యలో నీటి పొర వచ్చి కూర్చుంటుంది, గరుకు నేలైతే ఆ నీరు సందుల్లోకి దిగిపోతుంది, నీకు సందులే లేవు కదా, అద్దానివి! పైగా వాటం. పది అడుగులకి ఒక అంగుళంన్నర వీధి వైపు వాలితే నీళ్ళు వాటంతటవే పోయేవి. నువ్వు మాత్రం వాటిని సాదరంగా మా గుమ్మం వైపే తీసుకొస్తావు, అవక్కడ నిలబడి పాచి పడతాయి. దానికి తోడు పొద్దున్నే కళ్ళాపి, కార్తీకమాసం వస్తే దీపాల నూనె. నీ అలంకారానికి లోటు లేదు.

మేమూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు గోనెసంచి పరిచాం, తడి గచ్చు మీద గోనె జారితే మనిషి ఒంటరిగా పడడు, సంచితో సహా పడతాడు. రంగేద్దామని ఎవరో సలహా ఇస్తే ఎర్ర పెయింట్ కొట్టించాం, అది ఇంకా నున్నన. ఇసక కలిపి కొట్టాలిట, ఆ ముక్క డబ్బా అయిపోయాక చెప్పారు. బ్లీచింగ్ పౌడర్ చల్లి చీపురుతో తోమితే పాచి పోయింది, జారుడు పోలేదు. అప్పుడు నాకు అతితెలివి పుట్టి ఆ బ్లీచింగ్ కడక్కుండానే బాత్రూం యాసిడ్ సీసా మూత తీశాను. ఎదురింటి కెమిస్ట్రీ మాస్టారు గోడ మీంచి అరిచారు కాబట్టి సరిపోయింది, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందిట, ఇంక పడే శ్రమ కూడా లేకుండా నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే పోయేవాణ్ణి.

నాలుగు రోజులాగి శుభ్రంగా కడిగి, మాస్టారి పర్యవేక్షణలో ఒక మూల పెయింట్ గీకేసి పది మగ్గుల నీళ్ళలో ఒక మగ్గు యాసిడ్ పోశా (యాసిడ్ లోకి నీళ్ళు కాదు, నీళ్ళలోకే యాసిడ్ పొయ్యాలి, ఆయన మూడుసార్లు చెప్పించుకున్నారు). చేతికి గ్లౌజులు, ముక్కుకి తువ్వాలు. చల్లగానే బుసబుసమని పొంగావు చూడు, ఎనిమిదేళ్ళలో మొదటిసారి నీకూ మంట తెలిసిందని నాకు ఎంత హాయిగా అనిపించిందో. వంటసోడా కలిపిన నీళ్ళు పోసి బాగా కడిగాక వేలితో రాస్తే సాండ్ పేపర్ లాగా ఉంది. కానీ నాన్నగారు వచ్చి చూసి "మచ్చ పడింది" అన్నారు. నానమ్మ చేతికి ఆర్నెల్లు పట్టీ ఉన్నా పర్లేదు, గచ్చు మీద మచ్చ మాత్రం ఉండకూడదు మా ఇంట్లో!

పార్కింగ్ టైల్స్ వేద్దామంటే ఎత్తు పెరిగి గుమ్మం తలుపు తెరుచుకోదు. అందుకే చివరి నిర్ణయం ఏంటంటే, ఆదివారం మేస్త్రి వస్తున్నాడు, ఆ పాతాయనే, ఈసారి తాపీతో కాదు ఉలి సుత్తితో. మెట్ల నుంచి గుమ్మం దాకా మూడడుగుల వెడల్పున, రోటికి కక్కు కొట్టినట్టు నీకు దగ్గర దగ్గరగా గాట్లు పెడతాడు. పక్కనే పట్టుకోడానికి స్టీలు రాడ్డు. మిగతాది నాన్నగారి ముచ్చట కోసం నున్నగానే వదిలేస్తున్నాం, అక్కడ పూలకుండీలు పెడతాం, అవి నడవవు కదా. నున్నగా చేసినందుకు ఆరోజు ఐదొందలు ఎగస్ట్రా తీసుకున్న మనిషే ఇప్పుడు గరుకు చేయడానికి రోజుకి పన్నెండొందలు అడిగాడు, ఇచ్చుకోక చస్తామా.

ఇట్లు,
తమరి మీద పిలవకుండానే మూడుసార్లు ఆసీనుడైన,
ఈ ఇంటి పెద్దబ్బాయి.

తా.క: నీ నడిమధ్యన అమ్మ రోజూ వెయ్యలేక తెల్ల ఎనామిల్ పెయింట్ తో వేసిన పద్మం ముగ్గు ఉంది చూడు, మొత్తం వసారాలో అన్నిటికన్నా ఎక్కువ జారేది అదే, మేమంతా దాన్ని ప్రదక్షిణం చేసినట్టు చుట్టూ తిరిగి వెళ్తాం. ఉలి మొదటి దెబ్బ దాని మీదే పడాలి అన్నాడు మేస్త్రి. అమ్మకి ఇంకా ఎవ్వరం చెప్పలేదు.