మెంతులు, పాత పేపర్లతో పిల్లలు చేయగల గిన్నె

చిన్నపిల్లలతో ఇంట్లో చేయించదగిన బొమ్మల గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో ఇచ్చిన సూచనలు బాగున్నాయి. అయితే వాటిలో చాలావాటికి మెరుపు కాగితాలు, జిగురు డబ్బాలు కొనవలసి ఉంటుంది కాబట్టి, దాదాపు ఖర్చు లేని ఒక పాత పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. మా అమ్మమ్మ వెదురు చేటలకు, బుట్టలకు మెంతులు కలిపిన కాగితపు గుజ్జు మెత్తేది. ఆ గుజ్జుతోనే పిల్లలు చక్కని గిన్నెలు చేయగలరు.

నాలుగైదు పాత వార్తాపత్రికలను పిల్లల చేతనే చిన్న ముక్కలుగా చింపించి (నాలుగేళ్ల మా మనవరాలికి అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే), రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మరునాడు విడిగా నానిన గుప్పెడు మెంతులతో కలిపి పెద్దవాళ్లే మెత్తగా రుబ్బి, నీటిని పిండేసి పిల్లలకు ఇవ్వాలి. నూనె రాసి బోర్లించిన స్టీలు గిన్నె మీద ఆ గుజ్జును పిల్లలు అరచేతులతో తట్టుకుంటూ పోతే చాలు. మెంతుల జిగట వల్ల అది గట్టిగా పట్టుకుంటుంది. పొర పావు అంగుళం మించితే లోపల ఆరక బూజు పడుతుంది. మా మొదటి గిన్నె అలాగే పాడైంది, పాప చాలా బాధపడింది. అందుకే వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దని నా మనవి.

మంచి ఎండలో మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, గిన్నెను నెమ్మదిగా ఊడదీసి, జాజు (ఎర్రమట్టి రంగు) పూసి, తడిపిన ముగ్గుపిండితో చుక్కలు పెట్టించవచ్చు. అచ్చు సిరా ఉంటుంది కనుక అందులో తినుబండారాలు మాత్రం ఉంచకూడదు. మా ఇంట్లో అది రంగు పెన్సిళ్ల గిన్నె అయింది.