వెయ్యి అడుగుల కింద గంగ లేదు, రాయి ఉంది

వారం నుంచి ఒకటే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వచ్చింది, ఆఫీస్ గ్రూప్‌లో వచ్చింది, ఆఖరికి మా మేనత్త కూడా "చదువు నాన్నా" అని పంపింది. నీటి పొదుపు, ఇంకుడు గుంతలు అంతా డ్రామా అంట. బోరు ఎండితే ఇంకా లోతుకి దించండి, పాతాళగంగ ఎప్పటికీ అయిపోదు. ఇంకుడు గుంతలంటే దోమల గుంతలు. నీళ్ళన్నీ వ్యవసాయానికే పోతుంటే మీరు ట్యాప్ కట్టేసి ఒరిగేదేం లేదు. ఆర్వో వేస్ట్ నీళ్ళు విషం. బోరు పాయింటుకి కొబ్బరికాయ పట్టే ఆయన ఉంటే చాలు. ఇవీ అందులో మాటలు.

కొబ్బరికాయ గురించి ఒక్క మాట: నీళ్ళు పడిన బోరు గురించి పదేళ్ళు చెప్పుకుంటారు, ఫెయిలైన దాని గురించి ఎవరూ చెప్పరు. దోమలంటారా, గుంత నిండా రాళ్ళు, కంకర, పైన ఇసుక ఉంటే నీళ్ళు నిలబడేది ఎక్కడ? ఆర్వో నీళ్ళల్లో ఉండేవి మీ బోరు నీళ్ళలో ముందే ఉన్న ఉప్పులే, కాస్త చిక్కగా. తాగకండి, మొక్కలకి రోజూ పోయకండి, కానీ బాత్రూమ్ కడగడానికి ఏమైంది? లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు సింక్‌లోకి పోతున్నాయి, ఒక బకెట్ పెట్టండి.

నాకు ఒళ్ళు మండింది మాత్రం ఆ పాతాళగంగ దగ్గర. ఎందుకంటే జనం అది నమ్మి లక్షలు పోస్తున్నారు.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పైన మట్టి, దాని కింద మొరం (శిథిలమై మెత్తబడిన రాయి), ఆ కింద గట్టి రాయి. నీళ్ళు ఉండేది మొరంలో, రాయిలో ఉన్న పగుళ్ళలో. ఆ పగుళ్ళు కూడా చాలావరకు మూడొందల అడుగుల లోపే, కిందికి పోయేకొద్దీ పైనున్న బరువుకి మూసుకుపోతూ తగ్గిపోతాయి. మా అపార్ట్‌మెంట్‌లో 2019 ఎండాకాలంలో 1200 అడుగులు వేయించారు, రాత్రంతా ఆ మోతకి ఎవరికీ నిద్ర లేదు, పొద్దున లేచి చూస్తే కార్ల మీద, పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టల మీద తెల్లటి రాతి పొడి, బోరులో మాత్రం చుక్క లేదు. కింద గంగ పారుతుంటే ఏప్రిల్‌లో ట్యాంకర్ బుక్ చేసి మూడ్రోజులు ఎందుకు ఎదురుచూస్తున్నాం?

సరే పడిందే అనుకోండి. అవి ఎవరి నీళ్ళు? పక్క కాలనీ బోరుకి అందుతున్న పగులే మీకూ తగిలి ఉంటుంది. వాళ్ళు 600 వేస్తే మీరు 900, మీరు 900 వేస్తే వాళ్ళు 1200, మధ్యలో బాగుపడేది రిగ్గు లారీ ఒక్కటే. పైగా రాయిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే నీళ్ళలో ఫ్లోరైడ్ అంత ఎక్కువ కరిగే అవకాశం ఉంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు కాళ్ళు వంకరపోయిన మనుషుల్ని చూసినవాళ్ళెవరూ ఈ మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యరు, వాళ్ళ ఎముకల్ని అలా చేసింది ఇలాంటి గ్రానైట్‌లోంచి వచ్చిన నీళ్ళే.

వ్యవసాయం మాట మాత్రం నిజం. దేశంలో వాడే నీళ్ళలో 80 శాతం పైనే పొలాలకి పోతాయి, ఉచిత కరెంటుతో బోరు కింద వరి వేయడం గురించి మాట్లాడాల్సిందే, బ్రష్ చేసేటప్పుడు ట్యాప్ కట్టెయ్ అని పిల్లలకి చెప్పేసి మన పని అయిపోయిందనుకోవడం తప్పే. కానీ మన కాలనీ బోరు తోడేది ఆ రైతు కాదు కదా, మనమే. నల్లా నీళ్ళైనా కృష్ణవి నాగార్జునసాగర్ నుంచి, గోదావరివి ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకి పైగా పంపులతో తోసుకొస్తున్నవి.

ఇంకోటి కూడా ఒప్పుకుంటా. ఇంకుడు గుంతలు పనిచెయ్యట్లేదని తిట్టేవాళ్ళ మాటలో సగం న్యాయం ఉంది. మా గుంతే చూడండి, బిల్డర్ ఓసీ (నివాసయోగ్యత సర్టిఫికెట్) కోసం తవ్వాడు, తర్వాత దాని మీదే టైల్స్ పరిచి విజిటర్స్ పార్కింగ్ చేశారు, డాబా పైపులు తిన్నగా డ్రైనేజీలోకి. ఏళ్ళ తరబడి పూడిక తియ్యని గుంత ఇంకించదు. కానీ లెక్క చూడండి: 200 గజాల డాబా, ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఐదో వంతు పోయినా లక్ష లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. అవి మోరీలోకి వదిలేసి 1200 అడుగుల కింద వెతుకుతున్నాం.

మెసేజ్ పంపినవాళ్ళలో మా బ్లాక్‌వాళ్ళే ముగ్గురున్నారు. వానలు మొదలయ్యేలోపు ఆ టైల్స్ తీయించి, కంకర కడిగించి, ఇసుక మార్పిస్తా, ఇద్దరు కూలీలకి ఒకటి రెండు రోజుల పని. అన్నా, అంకుల్, ఆ పని జరిగే ఆదివారం అక్కడ కార్లు పెట్టకండి చాలు.